కీవర్డ్ ఎంపిక: టూల్ చూపించే అంకె ఏం చెబుతుంది, ఏం దాస్తుంది

వెబ్‌సైట్ మొదలుపెట్టిన ఎవరికైనా రెండు రకాల సలహాలు వెంటనే ఎదురవుతాయి. నెలకి ఎక్కువమంది వెతికే కీవర్డ్ పట్టుకుని దాని మీద రాస్తే చాలు, ట్రాఫిక్ దానంతటదే వస్తుందనేది ఒకటి. గూగుల్ ఇప్పుడు ఏఐతో తనే జవాబులు ఇచ్చేస్తోంది కాబట్టి కీవర్డ్ రీసెర్చ్‌కి కాలం చెల్లిందనేది రెండోది. చెప్పేవాళ్ళు రెండిటినీ చాలా నమ్మకంగా చెబుతారు, రెండిట్లోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ కీవర్డ్‌ని ఒక పదంగా, దాని పక్కన కీవర్డ్ టూల్ చూపించే ఒక అంకెగా, అంటే నెలకి ఎన్నిసార్లు వెతికారన్న లెక్కగా మాత్రమే చూస్తున్నాయి. ఆ అంకె ఎక్కడ పుడుతుందో, ఎవరి కోసం పుడుతుందో తెలిస్తే గందరగోళం చాలావరకు తగ్గుతుంది. మిగిలినది సెర్చ్ ఫలితాల పేజీని ఓపిగ్గా చదివితే తేలుతుంది. నా దృష్టిలో కీవర్డ్ రీసెర్చ్‌లో అసలు పని ఆ పేజీని చదవడమే, జనం ఎక్కువగా వదిలేసేదీ అదే.

## క్వెరీ వేరు, కీవర్డ్ వేరు

సెర్చ్ బాక్సులో మనిషి కొట్టేది క్వెరీ. అలాంటి క్వెరీలు కొన్నిటిని కలిపి సైటు నడిపేవాళ్ళో, టూల్ తయారుచేసినవాళ్ళో పెట్టుకున్న గుర్తు కీవర్డ్. ఉదాహరణకి ఒకరు "సైకిల్ చైన్ జారుతోంది" అని కొడతారు, ఇంకొకరు "తొక్కుతుంటే చైన్ టకటకమని జారుతోంది ఎందుకు" అని, మరొకరు "చైన్ స్లిప్ రిపేర్" అని. క్వెరీలు మూడు, అవసరం ఒక్కటే. రోజూ తనకి వచ్చే సెర్చ్‌లలో దాదాపు 15 శాతం అంతకుముందు ఎప్పుడూ చూడనివేనని గూగుల్ ఏళ్ళ తరబడి చెబుతూ వస్తోంది. కీవర్డ్ టూల్స్ అన్నీ గడిచిన నెలల లెక్కల మీద నడిచేవి కాబట్టి ఈ కొత్త క్వెరీలు వాటిలో ఉండే వీలే లేదు.

ఒకటి రెండు పదాలతో, చాలామంది వెతికేవాటిని హెడ్ కీవర్డ్‌లు అంటారు. పొడుగ్గా, వివరంగా, ఒక్కోటీ కొద్దిమందే వెతికేవాటిని లాంగ్ టెయిల్ అంటారు. ఇక్కడ లిపి గొడవ కూడా ఉంది. ఒకే భాష మాట్లాడేవాళ్ళలో కొందరు తమ లిపిలో కొడతారు, కొందరు అదే మాటని రోమన్ అక్షరాల్లో, ఇంకొందరు నేరుగా ఇంగ్లిష్‌లో. రోమన్‌లో కొట్టినప్పుడు ఒక్క మాటకే నాలుగైదు స్పెల్లింగులు పుడతాయి. టూల్ వాటిని విడివిడిగా లెక్కేస్తే ఒక్కోదాని పక్కన చిన్న అంకె కనిపిస్తుంది, అన్నీ కలిపితే అవసరం అంత చిన్నది కాకపోవచ్చు.

## సెర్చ్ వాల్యూమ్ ఎక్కడ పుడుతుంది

సెర్చ్ వాల్యూమ్ అంటే ఒక కీవర్డ్‌ని నెలకి ఎన్నిసార్లు వెతికారన్న లెక్క. గూగుల్ నేరుగా ఇచ్చే వాల్యూమ్ అంకెలు కీవర్డ్ ప్లానర్‌లో ఉంటాయి. అది గూగుల్ యాడ్స్‌లో భాగం, అంటే ప్రకటనలు ఇచ్చేవాళ్ళు తమ ఖర్చు అంచనా వేసుకోవడానికి తయారైన పరికరం. 2013లో పాత కీవర్డ్ టూల్‌ని తీసేసి దీన్ని పెట్టారు. ప్రకటనల కోసం పుట్టిందన్న సంగతి గుర్తుంటే దాని వింతలన్నీ అర్థమవుతాయి. దగ్గరి రూపాలని, అంటే ఏకవచనం, బహువచనం, చిన్న అక్షరదోషాల వంటివాటిని అది కలిపేసి ఒకే అంకె చూపిస్తుంది, ఎందుకంటే ప్రకటనలు వాటన్నిటికీ ఒకేలా కనిపిస్తాయి. ప్రకటనలకి పెద్దగా ఖర్చుపెట్టని ఖాతాలకి కచ్చితమైన అంకె బదులు "వెయ్యి నుంచి పది వేలు" లాంటి వెడల్పాటి శ్రేణి మాత్రమే ఇస్తుంది. ఇక "కాంపిటీషన్" అనే గడి ఉంది చూశారూ, అది ఆ కీవర్డ్ మీద ఎంతమంది ప్రకటనదారులు పోటీ పడుతున్నారో చెబుతుంది తప్ప, మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో చెప్పదు. ఆ గడిలో "తక్కువ" అని చూసి సంబరపడి నెలలు వృథా చేసుకునేవాళ్ళు చాలామంది. దీన్ని ఎన్నిసార్లు విడమర్చి చెప్పినా ఎక్కువ కాదని నాకు అనిపిస్తుంది.

మరో చిక్కు సగటు. మామూలుగా చూపించేది పన్నెండు నెలల సగటు. సూర్యగ్రహణం గురించి ఒక కీవర్డ్ ఉందనుకుందాం. పదకొండు నెలలు దాన్ని ఎవరూ వెతకలేదు, గ్రహణం వచ్చిన నెలలో 1,20,000 సార్లు వెతికారు. టూల్ చూపించేది నెలకి 10,000. ఆ పది వేలు ఏ ఒక్క నెలలోనూ నిజంగా జరగలేదు. ఇలాంటి ఎత్తుపల్లాలు కనిపించేది గూగుల్ ట్రెండ్స్‌లో. 2006లో వచ్చిన ఈ సేవ అసలు అంకెలు ఇవ్వదు, ఎంచుకున్న కాలంలో అత్యధిక ఆసక్తిని 100గా పెట్టి మిగతా రోజులని దానితో పోల్చి చూపిస్తుంది. కాబట్టి ట్రెండ్స్‌లో 100 కొట్టిన కీవర్డ్‌ని ఎంతమంది వెతికారో దాన్నిబట్టి చెప్పలేం, ఎప్పుడు ఎక్కువ వెతికారో మాత్రం చెప్పగలం.

అహ్రెఫ్స్, సెమ్‌రష్ వంటి బయటి కంపెనీల టూల్స్ ఇచ్చేవి అంచనాలు. గూగుల్ నుంచి దొరికే అంకెలని, కొంతమంది వాడకందారుల బ్రౌజింగ్ జాడల నుంచి సేకరించిన క్లిక్‌స్ట్రీమ్ డేటాని కలిపి లెక్కకడతారు. అందుకే ఒకే కీవర్డ్‌కి రెండు టూల్స్‌లో రెండు అంకెలు కనిపిస్తే ఒకటి అబద్ధమని కంగారు పడనక్కర్లేదు. రెండూ అంచనాలే, లెక్క వేసిన పద్ధతులు వేరు. ఒకే టూల్‌లో రెండు కీవర్డ్‌లని పోల్చడానికి ఆ అంకెలు పనికొస్తాయి, పేజీకి ఎంతమంది వస్తారో ముందే చెప్పడానికి పనికిరావు. సున్నా చూపించినా అంతే: టూల్‌కి చాలినంత సమాచారం లేదని అర్థం, ఎవరూ వెతకడం లేదని కాదు.

## "డిఫికల్టీ 30" అంటే

ఒక కీవర్డ్‌కి మామూలు ఫలితాల్లో పైకి రావడం ఎంత కష్టమో చెప్పే కీవర్డ్ డిఫికల్టీ అనే స్కోరు గూగుల్ ఇచ్చేది కాదు. టూల్ కంపెనీలు సొంతంగా తయారుచేసుకున్న కొలత, సాధారణంగా 0 నుంచి 100 వరకు. అహ్రెఫ్స్ అయితే మొదటి పది ఫలితాల్లో ఉన్న పేజీలకి ఎన్ని వేరువేరు సైట్ల నుంచి లింకులు వస్తున్నాయన్నదాని మీద దాన్ని కడుతుంది. మిగతావాళ్ళు ఇతర లెక్కలు కూడా కలుపుతారు. అందువల్ల ఒకచోట 30 ఉన్నది ఇంకోచోట 55 అవుతుంది.

లింకుల లెక్కకి విలువ ఉంది, కాదనను. మొదటి పేజీ అంతా వందల సైట్ల నుంచి లింకులున్న పేజీలతో నిండిపోతే కొత్త సైటు అక్కడ దూరడం నిజంగానే కష్టం. కానీ ఆ పేజీల్లో రాసినది బాగుందా, పాతబడిందా, ప్రశ్నకి సూటిగా జవాబు చెబుతోందా, రాసేవాళ్ళకి ఆ విషయంలో అనుభవం ఉందా అన్నవి లింకుల లెక్కలో కనిపించవు. తక్కువ స్కోరున్న కీవర్డ్ కూడా అందని ద్రాక్ష కావచ్చు, ఎందుకంటే వెతికేవాళ్ళకి కావలసింది వీడియో అయితే మీరు రాసే వ్యాసాన్ని అక్కడ అడిగేవాళ్ళుండరు.

## ఉద్దేశాన్ని ఫలితాల పేజీ ఎలా బయటపెడుతుంది

2002లో ఆండ్రీ బ్రోడర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త వెబ్ సెర్చ్‌లని మూడు రకాలుగా విడదీశారు. ఏదో తెలుసుకోవాలని వెతకడం, ఫలానా సైటుకే చేరుకోవాలని వెతకడం, కొనడం, డౌన్‌లోడ్ లాంటి పని చేయడానికి వెతకడం. కొనేముందు పోల్చి చూసుకోవడం అనే నాలుగోది ఎస్ఈవో, అంటే సైట్లని సెర్చ్ ఫలితాల్లో పైకి తెచ్చే పని చేసేవాళ్ళు తర్వాత చేర్చుకున్నారు. ఈ విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది, అయితే ఒకే క్వెరీ వెనక రెండు మూడు ఉద్దేశాలు ఉండొచ్చు, పదాలు చూసి ఊహిస్తే తప్పిపోతాం.

ఊహ అక్కర్లేకుండా చేసేది ఫలితాల పేజీయే. ఆ క్వెరీ కొట్టినప్పుడు పైన వచ్చేవి షాపింగ్ పేజీలా, వ్యాసాలా, వీడియోలా, చర్చలా, లేక మ్యాపా? గూగుల్ అప్పటికే ఎంతోమంది ప్రవర్తన చూసి అక్కడికి చేరింది. ఆ అంచనా తప్పయ్యే సందర్భాలు ఉన్నాయి, కానీ ఏ టూల్ స్కోరు కంటే ఇది నమ్మదగిన సాక్ష్యం.

భాషని అర్థం చేసుకోవడంలో గూగుల్ ఎంత మారిందో ఈ సందర్భంలోనే చెప్పాలి. క్వెరీ అర్థాన్ని పట్టుకోవడానికి 2013లో హమ్మింగ్‌బర్డ్, 2015లో ర్యాంక్‌బ్రెయిన్, 2019లో బెర్ట్ అనే పద్ధతులు దాని సెర్చ్‌లోకి వచ్చాయి. బెర్ట్ గురించి ప్రకటించినప్పుడు గూగుల్ ఇచ్చిన ఉదాహరణ బాగుంటుంది. బ్రెజిల్ నుంచి అమెరికా వెళ్ళే ప్రయాణికుడికి వీసా కావాలా అని ఇంగ్లిష్‌లో అడిగితే, అంతకుముందు అమెరికావాళ్ళు బ్రెజిల్ వెళ్ళడం గురించిన పేజీలు వచ్చేవి. ఎటునుంచి ఎటు అని చెప్పే చిన్న పదాన్ని పాత పద్ధతి పట్టించుకోలేదు, బెర్ట్ పట్టుకుంది. అందుకే పేజీలో కీవర్డ్‌ని అక్షరం పొల్లుపోకుండా రాయకపోయినా అది సంబంధిత క్వెరీలకి కనిపించగలదు, గూగుల్ తన మార్గదర్శకాల్లో చెబుతున్నదీ ఇదే. అలాగని జనం వాడే పదాలకి విలువ పోలేదు. ఒక సమస్యని అందరూ ఒక పేరుతో పిలుస్తుంటే, పేజీ మొత్తం వాళ్ళెవరికీ తెలియని శాస్త్రీయ నామంతో నింపితే, గూగుల్ కలిపినా శీర్షిక చూసిన మనిషి దాని మీద క్లిక్ చేయడు.

## నాలుగు కీవర్డ్‌లు, ఒక కొత్త సైటు

సైకిల్ రిపేరు గురించి రాసే ఒక కొత్త సైటుని ఊహించుకుందాం. నడిపేవాళ్ళకి పనితనం ఉంది, సైటుకి మాత్రం బయటి నుంచి లింకులు లేవు. ఈ అంకెలు కేవలం ఉదాహరణ కోసం: "సైకిల్" నెలకి 50,000, "మంచి సైకిల్ ఏది" 8,000, "సైకిల్ చైన్ ఎప్పుడు మార్చాలి" 900, "కొత్త చైన్ వేసినా జారుతోంది" 70.

"సైకిల్" అని కొట్టిన మనిషికి ఏం కావాలో ఎవరికీ తెలియదు. ఫలితాల్లో దుకాణాలు, విజ్ఞాన సర్వస్వం, బొమ్మలు కలగలిపి ఉంటాయి. ఒక రిపేరు వ్యాసం అందులో ఎవరి అవసరమూ తీర్చదు. "మంచి సైకిల్ ఏది" అన్నదానికి ఉద్దేశం స్పష్టంగా ఉంది, పోల్చి చూసుకుని కొనాలి. అక్కడ పైన ఉండేవి పదుల సైకిళ్ళు తొక్కి చూసి రాసే పెద్ద సైట్లు, కమీషన్ కోసం పోటీపడే సైట్లు. రిపేరు తెలిసినవాళ్ళ బలం అక్కడ అక్కరకు రాదు.

మూడోది చూడటానికి సరిగ్గా సరిపోయినట్టే ఉంటుంది. కానీ దాని జవాబు చిన్నది: చైన్ 0.5 నుంచి 0.75 శాతం సాగితే మార్చే వేళయినట్టు, ఎన్ని గేర్లున్నాయన్నదాన్ని బట్టి. ఆ ఒక్క వాక్యం ఫలితాల పేజీలోనే కనిపించేస్తే లోపలికి వచ్చేవాళ్ళు తగ్గిపోతారు. నాలుగోది అందరూ కొట్టిపారేసే కీవర్డ్. దాని వెనక ఉన్న మనిషిని చూడండి, ఇప్పటికే డబ్బు పెట్టి కొత్త చైన్ వేశాడు, అయినా జారుతోంది, చిరాగ్గా ఉంది. కారణం చాలాసార్లు వెనకున్న పళ్ళ చక్రాలే. సాగిన పాత చైన్‌తో పాటే అవి కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైన్ లింకులు వాటి మీద సరిగ్గా కూర్చోవు. అరిగిన పన్ను, అరగని పన్ను పక్కపక్కన ఫోటోలో చూపిస్తే తప్ప ఇది అర్థం కాదు, ఆ ఫోటో తీయగలిగేది రిపేరు చేసే మనిషే.

ఇప్పుడు లెక్క. ఆ డెబ్బై చుట్టూ అదే ప్రశ్నని రకరకాలుగా అడిగే క్వెరీలన్నీ కలిపి నెలకి 600 అనుకుందాం, మంచి పేజీ ఒకటి వాటన్నిటికీ కనిపించగలదు. మూడో నాలుగో స్థానంలో ఉండి వందకి పదిమంది క్లిక్ చేస్తే 60 మంది. యాభై వేల కీవర్డ్‌కి నాలుగో పేజీలో కనిపిస్తే వచ్చేది దాదాపు సున్నా.

అరవై మంది కోసం ఇంత శ్రమా అని అడిగేవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. పేజీ ఎన్నిసార్లు చూశారన్న లెక్క మీద ప్రకటనల ఆదాయం నడిచే సైటుకి 60 ఏ మూలకీ రావు. అలాంటి సైటు ఎక్కువ వాల్యూమ్ వెంటపడటంలో తర్కం ఉంది, అందుకు తగ్గ లింకులు, మనుషులు, ఓపిక ఉంటే. పళ్ళ చక్రాలు అమ్మే సైటుకి మాత్రం ఆ అరవై మందీ అది కొనక తప్పదని ఇప్పుడే తెలుసుకున్నవాళ్ళు. కీవర్డ్ విలువ సైటు దేనితో బతుకుతుందన్నదాని మీద ఆధారపడుతుంది, అందుకే అందరికీ సరిపోయే మంచి కీవర్డ్‌ల జాబితా ఉండదు.

## ఒక పేజీయా, రెండు పేజీలా

"చైన్ జారుతోంది", "చైన్ ఊడిపోతోంది" ఒకే పేజీలో రాయాలా వేరుగానా? వినడానికి ఒకటే. కానీ జారడం పళ్ళ మీద పట్టు తప్పడం, ఎక్కువగా అరుగుదల వల్ల. ఊడిపోవడం చైన్ చక్రం దాటి పక్కకి పడిపోవడం, గేరు మార్చే భాగం సెట్టింగు తప్పడం వల్లో, అది వంగిపోవడం వల్లో. కారణాలు వేరు కాబట్టి జవాబులూ వేరు. తెలియనప్పుడు వాడే పరీక్ష తేలికైనది: రెండు క్వెరీలూ కొట్టి మొదటి పది ఫలితాలని పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎక్కువ పేజీలు రెండింటిలోనూ ఉంటే గూగుల్ వాటిని ఒకే అవసరంగా చూస్తోంది, పెద్దగా కలవకపోతే వేరుగా చూస్తోంది.

ఒకే అవసరానికి ఒకే సైటులో రెండు పేజీలు పోటీ పడటాన్ని కీవర్డ్ క్యానిబలైజేషన్ అంటారు. దీని గురించి భయం అసలు సమస్య కంటే పెద్దది. రెండు పేజీలూ పైన కనిపిస్తుంటే నష్టమేమీ లేదు. వారం వారం ఒకదాని బదులు ఇంకొకటి వస్తూ, రెండూ కిందే ఉండిపోతుంటే అప్పుడు కలపడం గురించి ఆలోచించే మాట.

## ఇంకా బతికే ఉన్న పాత నమ్మకాలు

పేజీ కోడ్‌లో చదివేవాళ్ళకి కనిపించకుండా కీవర్డ్‌లు రాసిపెట్టే మెటా కీవర్డ్స్ ట్యాగ్‌ని వెబ్ ర్యాంకింగ్‌కి వాడటం లేదని గూగుల్ 2009లోనే ప్రకటించింది. పేజీలోని పదాల్లో కీవర్డ్ ఇంత శాతం ఉండాలన్న డెన్సిటీ సూత్రానికి ఆధారం లేదు. ర్యాంకింగ్ కోసం పేజీలో చేర్చాలని చెప్పే సంబంధిత పదాలు, "ఎల్ఎస్ఐ కీవర్డ్స్" అనేవి అసలు లేవని గూగుల్ తరఫున జాన్ ముల్లర్ 2019లో సూటిగా చెప్పారు. ఆ పేరు వెనకున్న గణిత పద్ధతి నిజమే, కానీ అది వెబ్ కంటే ముందుకాలం నాటిది. విషయాన్ని పూర్తిగా వివరించేటప్పుడు సంబంధిత పదాలు వాటంతట అవే వస్తాయి, రావాలి కూడా. జాబితా పట్టుకుని వాటిని ఇరికించడం వేరే పని.

## సొంత సైటు ఇచ్చే సమాచారం

కొంతకాలంగా నడుస్తున్న సైటుకి టూల్స్ అన్నిటికంటే విలువైనది సెర్చ్ కన్సోల్, తమ సైటు గూగుల్‌లో ఏ క్వెరీలకి కనిపించిందో సైటు యజమానులకి చూపించే గూగుల్ సేవ. గూగుల్ 2011లో సెర్చ్‌లని ఎన్‌క్రిప్ట్ చేయడం మొదలుపెట్టాక, ఏ పదంతో వెతికి వచ్చారన్న సమాచారం సైటుకి వచ్చేవాళ్ళని లెక్కించే గూగుల్ అనలిటిక్స్‌లో క్రమంగా మాయమైంది. ఇప్పుడది సెర్చ్ కన్సోల్‌లో దొరుకుతుంది, 16 నెలల వరకు. అరుదైన క్వెరీలని గోప్యత కోసం దాచేస్తారు, కాబట్టి జాబితాలో ఉన్నవి కలిపితే మొత్తం క్లిక్‌లతో సరిపోదు. సగటు స్థానం అన్నది కూడా సగటే. ఒకరికి 3, ఇంకొకరికి 25 అయితే కనిపించేది 14.

ఇంతా చేసి ఆ జాబితాలో వెతకదగ్గవి ఇంప్రెషన్లు (ఫలితాల్లో కనిపించిన సార్లు) ఉండి క్లిక్‌లు లేని క్వెరీలు. పేజీ రాసినవాళ్ళకి తట్టని ప్రశ్నలు అక్కడ కనిపిస్తాయి, అడిగినవాళ్ళ సొంత మాటల్లో.

## ఏఐ జవాబులు వచ్చాక

2024 మేలో గూగుల్ అమెరికాలో ఏఐ ఓవర్‌వ్యూస్, అంటే ఫలితాల పైన ఏఐ రాసిన సారాంశాలు, మొదలుపెట్టింది, 2025లో జవాబంతా ఏఐతోనే ఇచ్చే ఏఐ మోడ్ తెచ్చింది. క్లిక్‌లు ఎంత తగ్గాయన్నదే ఇప్పుడు అసలు గొడవ. ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే అమెరికా పరిశోధన సంస్థ 2025 జులైలో అమెరికా వాడకందారుల మీద ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఏఐ సారాంశం కనిపించినప్పుడు 8 శాతం సందర్భాల్లోనే మామూలు ఫలితాల మీద క్లిక్ చేశారు, కనిపించనప్పుడు 15 శాతం. గూగుల్ ఆ పద్ధతిని ఒప్పుకోలేదు, సెర్చ్ నుంచి వెబ్‌సైట్లకి వెళ్ళే మొత్తం క్లిక్‌లు గతేడాదితో పోలిస్తే దాదాపు నిలకడగానే ఉన్నాయని తర్వాతి నెలలో చెప్పింది. రెండూ ఒకేసారి నిజమయ్యే వీలుంది: సెర్చ్‌లు పెరిగి, ఒక్కో సెర్చ్‌కి వచ్చే క్లిక్‌లు తగ్గితే మొత్తం అలాగే కనిపిస్తుంది. అయితే ఆ మొత్తం ఏ సైట్లకి పోతోందన్నది వేరే ప్రశ్న, చిన్న సైట్ల ఆందోళన దాని గురించే, అది న్యాయమైన ఆందోళన.

ఏఐ మోడ్ పనిచేసే తీరులో కీవర్డ్‌లకి సంబంధించిన సంగతి ఒకటి ఉంది. అడిగిన ఒక్క ప్రశ్నని అది చాలా చిన్న ప్రశ్నలుగా విడగొట్టి, అన్నిటికీ ఒకేసారి వెతికి, దొరికినవాటితో జవాబు కడుతుంది. దీన్ని క్వెరీ ఫ్యాన్ అవుట్ అంటున్నారు. ఆ చిన్న ప్రశ్నలు మనిషి కొట్టినవి కావు కాబట్టి వాటికి సెర్చ్ వాల్యూమ్ అనేదే ఉండదు. కీవర్డ్‌ల కాలం చెల్లిందనేవాళ్ళ వాదనకి ఇది బలం. ఇంకోవైపు, ఆ చిన్న ప్రశ్నలకి కూడా ఎక్కడో ఒక పేజీ నుంచే జవాబు తెచ్చుకోవాలి, కాబట్టి జనం ఏ విషయంలో ఎక్కడ ఇరుక్కుపోతున్నారో కనుక్కునే పని తప్పడం లేదనేది ఎదుటివాళ్ళ మాట. నేను ఈ రెండో పక్షానికి కాస్త దగ్గరగా ఉంటాను.

కొలవడమే ఇప్పుడు కష్టంగా ఉంది. ఏఐ ఓవర్‌వ్యూస్ నుంచి వచ్చిన క్లిక్‌లని సెర్చ్ కన్సోల్ మామూలు వెబ్ సెర్చ్ లెక్కలోనే కలిపేసి చూపిస్తూ వచ్చింది. అందువల్ల ఒక క్వెరీకి స్థానం మారకుండా క్లిక్‌లు సగానికి పడిపోతే కారణం ఏఐ జవాబా, పైన కొత్తగా వచ్చిన వీడియోల వరసా, లేక ఆ విషయం మీద ఆసక్తే తగ్గిందా అన్నది ఆ అంకెల నుంచి తేలదు. క్వెరీని మళ్ళీ కొట్టి, ఫలితాల పేజీలో ఏముందో కళ్ళారా చూసుకోవలసిందే.